పక్కింటి గోడ పుస్తకం

ముసురు 138వ రోజు

పక్కింటి పుస్తకంలో నేను రోజుకి ఒక్క మాటే రాయాలి. పొడి అనో, చెమ్మ అనో. మిగతా మాటలన్నీ కడుపులో ఉండిపోయి ఉబ్బరం చేస్తున్నాయి కాబట్టి ఈ రెండో పుస్తకం పెట్టుకున్నాను. దీని మీద బీమా సంఘం ముద్ర లేదు. నా ఇష్టం వచ్చినట్టు రాసుకుంటాను.

మా ఇళ్ళ వరసలో ఎవరి గోడ సంగతి వాళ్ళు రాసుకోకూడదు. రాసుకోనిస్తే అందరూ పొడి అనే రాస్తారని సంఘం వాళ్ళ అనుమానం. ఆ అనుమానం సబబే. అందుకని పైడమ్మ అప్ప ఇంటి గోడ నేను చూసి రాస్తాను, మా ఇంటి గోడ ఆవిడ చూసి రాస్తుంది. ఏం రాశామో ఆ ఇంటివాళ్ళకి చెప్పకూడదు. మా రెండిళ్ళకీ మధ్య గోడ ఒక్కటే. దాని అటువైపు చూడాల్సింది నేను, ఇటువైపు చూడాల్సింది ఆవిడ.

అప్ప అంటే సొంత అక్క కాదు. ఏడేళ్ళ క్రితం మేం కొండ కింద షెడ్డులోంచి ఈ ఇంటికి ఎక్కి వచ్చిన రోజు, పొయ్యిలోకి నిప్పు ఆవిడే ఇచ్చింది. ఆ పూటనుంచి పిలుపు అలా కుదిరిపోయింది. నలభై ఏళ్ళు రేషను డిపోలో తూకం వేసిన మనిషి. ముల్లు నిలబడేదాకా ఎవరినీ సంచీ ఎత్తనిచ్చేది కాదట. ఇప్పుడు అరవై ఆరేళ్ళు. రోజూ పొద్దున టార్చిలైటు పట్టుకుని మా ఇంటికి వస్తుంది, బియ్యం డ్రమ్ము వెనక్కి వంగి చూస్తుంది, నడుం పట్టుకుని లేస్తుంది, వెళ్ళిపోతుంది.

"డ్రమ్ము యెనక బంగారం పాతీసేమేటప్పా?" అన్నాను ఈ రోజు.

నవ్వలేదు. ఈ మధ్య ఆవిడ నవ్వడం తగ్గించింది.

సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళాను. అప్ప భర్త గురువులు బావ మంచం మధ్య గోడకి ఆనుకుని ఉంటుంది. మూడేళ్ళుగా ఆయనకి ఎడం పక్క పడిపోయింది. చెయ్యి ఊక ఇటుకలకి గీసుకుపోకుండా మంచానికీ గోడకీ మధ్య నిలువుగా చెక్క పలక కొట్టారు. ఆ పలక తీస్తేనే గోడ కనపడుతుంది. మంచాన పడ్డ మనిషిని పట్టుకుని, బావా, కాస్త జరుగు, నీ వీపు వెనక బూజు ఉందేమో చూడాలి అని ఎలా అడుగుతాను? గడపలో నిలబడి బావ ఎలా ఉన్నాడో కనుక్కుని, అప్ప ఇచ్చిన టీ తాగి, ఇంటికి వచ్చి పొడి అని రాస్తాను. మూడేళ్ళుగా అదే పని. ఈ రోజూ అదే రాశాను.

ముసురు 139వ రోజు

పొద్దున అన్నం చేదుగా ఉంది.

డ్రమ్ము అడుగు బియ్యం నల్లగా గడ్డకట్టాయి. ఈ రోజు మా ఆయన సన్నిబాబు ఇంటి దగ్గరే ఉన్నాడు. కొండ మీదికి తీగల మీద సరుకు మోసే తీగ బండి నడుపుతాడు, పదిరోజులకొకసారి వస్తాడు. ఇద్దరం కలిసి డ్రమ్ము జరిపాం. గోడ మీద గొంగళి పరిచినట్టు నల్లటి బూజు, నేలనుంచి నా నడుం ఎత్తు దాకా. ముట్టుకున్నాను. వేలు రెండో కణుపు వరకు ఇటుకలోకి దిగిపోయింది.

"యేలు తీసీ," అన్నాడు సన్నిబాబు.

పైకెక్కి చూస్తే రెండు కప్పుల మధ్య చూరు కాలువ పగిలి ఉంది. ఎప్పుడు పగిలిందో ఆ దేవుడికే తెలియాలి. అరవై మూడు ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నిలబడ్డ వరస మాది. నల్ల బూజు పట్టిన ఇంటిని పది రోజుల్లో ఖాళీ చేయించి, సున్నం పోసి, తలుపు మూసేస్తారు. బీమా వచ్చినవాళ్ళకి మాత్రం ఇల్లు మూయకుండా కొత్త గోడ కట్టిస్తారు. ఊక ఇటుకలు సంఘం దగ్గర తప్ప ఎక్కడా దొరకవు, కాబట్టి సొంతంగా కట్టుకునే మాట లేదు. బీమా వస్తే ఇల్లు ఉంటుంది, రాకపోతే షెడ్డు. మేం ఆ షెడ్డులో పదకొండేళ్ళు ఉన్నాం. నాలుగు గుంజలు, పైన రేకు, పక్కన గోడే లేదు. మా అత్త అక్కడే దగ్గి దగ్గి పోయింది.

వరస చివర సంఘం ఎర్ర డబ్బాలో బూజు కనబడిందని రెండు చీటీలు వేశాను, మా ఇంటికొకటి, అప్ప ఇంటికొకటి. భయం లేదని సన్నిబాబుకి చెప్పాను. అప్ప కూడా రోజూ పొడి అనే రాసి ఉంటుంది. అందరూ రాసేది అదే కదా.

ముసురు 141వ రోజు

సంఘం సర్వేయరు తారకేశ్వర పట్నాయక్ వచ్చాడు. చెక్క సుత్తితో గోడని రెండువైపులా కొట్టి చెవి పెట్టి విన్నాడు. అవతలివైపు, బావ మంచానికి పైన పలక లేనిచోట కొట్టాడు. పలక దగ్గరికి రాగానే, "పాపం, ఆయన్ని కదపకండి," అని ఆగిపోయాడు. ఆయనకీ మొహమాటమే.

"అవతలివైపు కూడా పోయిందమ్మా. చప్పుడు బోలుగా ఉంది," అన్నాడు నాతో. "ఉన్నట్టుండి వచ్చిన బూజుకి బీమా వస్తుంది. మెల్లమెల్లగా పట్టనిచ్చిన బూజుకి రాదు. చెమ్మ తగిలిన పద్నాలుగు రోజుల్లో మీరు చీటీ వేసి ఉండాలి."

"మాకు కనబడిన్నాడే యేసీసేం బాబూ."

"మీకు ఎప్పుడు కనబడిందో నాకెలా తెలుస్తుంది? పుస్తకం చెబుతుంది."

రెండిళ్ళ గోడ పుస్తకాలూ పట్టుకుపోయాడు. నేను రాసింది నా చేతిలోంచి వెళ్ళాకే లెక్క వేసుకున్నాను. బూజు ఇంత లోతుకి దిగిందంటే అటువైపు కూడా ఎప్పటినుంచో ఉండాలి. నేను మాత్రం మొన్నటిదాకా పొడి, పొడి, పొడి.

ముసురు 142వ రోజు

మా వరస ఉమ్మడి గదిలోకి పిలిచి పుస్తకాలు చదివారు. సన్నిబాబు, నేను, పైడమ్మ అప్ప బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నాం.

ముందు అప్ప ఇల్లు. పుస్తకం ప్రకారం 138వ రోజు దాకా గోడ పొడి. కాబట్టి బూజు ఉన్నట్టుండి వచ్చినట్టే లెక్క. బీమా వస్తుంది. పుస్తకం రాసిన మనిషి, అంటే నేను, చూసి రాశానని సంతకం పెడితే చాలు.

తరవాత మా ఇల్లు. పట్నాయక్ పేజీలు తిప్పాడు. 67వ రోజు పొడి. 68వ రోజు చెమ్మ. 69 చెమ్మ. 70 చెమ్మ. అలా చదువుకుంటూ పోతుంటే మొదట అది ఎవరి పుస్తకమో నాకు అర్థం కాలేదు. 138వ రోజు వరకు డెబ్బై ఒక్క సార్లు చెమ్మ, ఒకే సైజు అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా.

"డెబ్బై ఒక్క రోజుల చెమ్మ ఉన్నట్టుండి వచ్చినది కాదమ్మా," అన్నాడు పట్నాయక్. 152వ రోజున ఇల్లు మూసేస్తారు.

నేను తలతిప్పి అప్పని చూశాను. ఆవిడ తన కాళ్ళకేసి చూసుకుంటోంది. సన్నిబాబు ఇంటికి వచ్చి తీగ బండి తాళాలు మేకుకి తగిలించి గోడకి దూరంగా కూర్చున్నాడు.

ముసురు 143వ రోజు

తెల్లారకముందే లేచి కూర్చున్నాను. తెల్లారాక వాళ్ళింటికి వెళ్ళాను. కేకలేస్తానని నాకు ముందే తెలుసు, వేశాను.

"డెబ్బై రోజులు నా ఇంటికొచ్చేవు. నా చేతి నీళ్ళు తాగేవు. ఒక్కనాడు నోరిప్పి సెప్పలేకపోయేవా?"

"సెప్పకూడదు కదా నూకాలూ," అంది అప్ప. నా పూర్తి పేరు నూకరత్నం. నూకాలు అని ఆవిడే పిలుస్తుంది.

"రూలా? నా ఇల్లు పోతంటే నీకు రూలా?"

"లైటు అట్టుకుని రోజూ అక్కడే ఎందుకు ఒంగుతన్నానని నువ్వొక్కపాలైనా అడగలేదు. ఆ డ్రమ్ము ఒక్కనాడు జరిపేవు కాదు. నాను సెప్పీకుండానే నీకు తెలిసిపోవాలని ఆ మూలే వొంగేదాన్ని."

ఇంకా గట్టిగా అరిచాను.

"మా వేపు డెబ్బై రోజులు తడిసిన గోడ నీ వేపు తడవదని ఎలగనుకున్నావప్పా? నీ పలక నువ్వెందుకు తియ్యలేదు?"

లోపల మంచం మీద బావ దగ్గాడు.

"బయమేసింది," అంది.

ముసురు 145వ రోజు

ఉపాయం సన్నిబాబుది. అప్ప సంఘానికి వెళ్ళి కళ్ళు మసక, డ్రమ్ము నీడ చూసి చెమ్మ అనుకున్నాను అంటే చాలు. రాసిన మనిషే పొరపాటు ఒప్పుకుంటే ఆ పుస్తకం చెల్లదంటారు, ఒప్పుకున్నవాళ్ళకి శిక్ష లేదు. కాలవ మొన్ననే పగిలిందంటే నమ్మక చస్తారా అన్నాడు. ఇంకో ఏడు రోజులే ఉన్నాయి. నాకు సిగ్గనిపించింది, అయినా వెళ్ళాను.

అప్ప బావకి గంజి పడుతోంది. చెంచా చెంచాకీ మూతి తుడుస్తోంది.

"అప్పా, నీ కాళ్ళట్టుకుంటాను. కళ్ళు కనపళ్ళేదని ఒక్క మాట సెప్పు. నీకు పోయేదేటీ లేదు."

"కనబడింది నూకాలూ."

"కనబడిందని నాకూ తెలుసు."

"నలబయ్యేళ్ళు తూకమేసేను. నా తమ్ముడొచ్చి సంచీ పెట్టినా ముల్లు సూసే ఇచ్చేను. ఇప్పుడు కళ్ళు లేవని సెప్పమంటే నోరు రాదు." చెంచా గిన్నెలో పెట్టింది. "నీకేటి సెయ్యమన్నా సేస్తాను. అది సేయించకు."

ఇంటికి వచ్చేశాను. కొట్టాలనిపించింది. ఇంత ముసలిదాన్ని కొట్టాలని నాకు అనిపించిందని ఇక్కడ రాసుకుంటున్నాను, ఎందుకంటే అది నిజం.

"అయితే మనకేటి?" అన్నాడు సన్నిబాబు. "రేపో ఎల్లుండో సంతకానికి పిలుస్తారు కదా. సూడకుండా రాసేనని నిజం సెప్పీ. నిజం సెప్పినోళ్ళకి శిక్ష లేదు. అబద్ధానికి సంతకం పెట్టి దొరికిపోతే మళ్ళీ ఈ జన్మలో మనకి ఇల్లివ్వరు. ఆవిడ గోడకి మనకి ముందు ముందు వొచ్చే ఇల్లెందుకు పణం పెట్టాల?"

అతను అన్నదాంట్లో తప్పు వెతికాను. దొరకలేదు. నేను నిజం చెబితే అప్ప ఇల్లు కూడా మూసేస్తారు, అంతే. ఆవిడ నిజం చెబితే మా ఇల్లు మూసెయ్యలేదా?

ముసురు 146వ రోజు

బట్టలు ఆరబెట్టే కేంద్రంలో నా వంతు తప్పిపోయింది. వెళ్ళలేదు. వాళ్ళింటికి వెళ్ళి, మూడేళ్ళలో మొదటిసారి, పలక తియ్యమని అడిగాను.

అప్ప మేకులు ఊడదీసింది. నేను బావ భుజాల కింద చేతులు పెట్టి ఇటు జరిపాను. ఎంత తేలికైపోయాడో. పలక పడగానే వాసన ముఖానికి కొట్టింది. గోడ నల్లగా ఉంది, బావ వీపు ఎంత మేరకి ఆనుతుందో అంత మేరా ఇటుక మెత్తబడి గుంటపడింది. పలకలోంచి చెమ్మ దుప్పటికి, దుప్పటిలోంచి ఆయన ఒంటికి. చొక్కా ఎత్తి చూశాను. వీపు మీద చర్మం తెల్లగా నానిపోయి, అక్కడక్కడ చిట్లి ఉంది.

అప్ప చూసింది. గోడకేసి కాదు, ఆ వీపుకేసి చూసింది. అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"ఎన్నాళ్ళనుంచి బావా?" అన్నాను.

బావకి మాట సరిగ్గా రాదు. ముక్కలు ముక్కలుగా వస్తుంది. "సానాళ్ళు," అన్నాడు. "సెప్తే... మంచం జరపాల. అది... ఒక్కర్తీ... జరపలేదు."

నేను ఒక్కనాడు అడిగి ఉంటే మేమిద్దరం జరిపేవాళ్ళం. రోజూ సాయంత్రం గడపలో నిలబడి ఆయన ఆరోగ్యం కనుక్కుని టీ తాగి పోయాను. అప్ప నా ఇంటి గోడ చూసి చెప్పలేదు. నేను ఆవిడ ఇంటి గోడ చూడనే లేదు. ఎవరిది ఎక్కువ తప్పో తూకం వెయ్యడానికి ముల్లు లేదు.

షెడ్డులో ఈ మనిషి ఎన్ని రోజులు బతుకుతాడు? వారం కూడా బతకడు.

ముసురు 148వ రోజు

సంతకం రోజు. బల్ల మీద పుస్తకం తెరిచి ఉంది. నేను రాసిన పొడిలన్నీ వరసగా, కొన్ని మరీ గొలుసుకట్టుగా, ఒకచోట టీ మరక కూడా. వీటిని చూస్తేనే తెలిసిపోతుంది చూడకుండా రాసినవని. సన్నిబాబు రాలేదు. నీ ఇష్టం అన్నాడు, అది ఇష్టం కాని గొంతుతో.

పట్నాయక్ కళ్ళజోడు సవరించుకున్నాడు. నేను కలం తీసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్క నిమిషం. మీ సంతకానికి ముందు ఇంటివారి మాట తీసుకోవాలి." అప్ప వైపు తిరిగి పుస్తకంలో ఉన్న పూర్తి పేరుతో పిలిచాడు. "పైడితల్లి గారూ, పక్కింటావిడ రోజూ వచ్చి పలక తీయించి మీ గోడ చూసేదా?"

నేను కలం అక్కడే పెట్టేశాను. ఈ ప్రశ్న ఉంటుందని నాకు తెలియదు. అప్ప ఏం చెబుతుందో తెలుసు. సొంత తమ్ముడికి కూడా ముల్లు చూసి ఇచ్చిన మనిషి. నాకోసం ఒక్క మాట నోరు రానిది. లేదు బాబూ, ఎప్పుడూ చూడలేదు అంటుంది, నా పొడిలన్నీ అబద్ధమని అక్కడే తేలిపోతుంది, రెండు ఇళ్ళూ పోతాయి. బావ పోతాడు.

అప్ప బల్ల అంచు పట్టుకుంది. పట్నాయక్ మళ్ళీ అడిగాడు, చెవులు వినపడవేమో అని గట్టిగా.

"సూసింది," అంది అప్ప.

"రోజూనా?"

"రోజూ. పలక నానే తీసేదాన్ని."

పట్నాయక్ రాసుకున్నాడు. మూడు రోజుల క్రితం నేను కాళ్ళు పట్టుకుంటానన్నప్పుడు రాని అబద్ధం, ఇప్పుడు గడగడా వచ్చేసింది, అడగని పలక సంగతితో సహా. వచ్చింది తన ఇంటికోసం. నా ఇంటికోసం రాలేదు. అంత కోపం నాకు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ రాలేదు. ఒక్క మాట చాలు. ఈవిడ అబద్ధం ఆడుతోంది బాబూ అంటే చాలు. నలభై ఏళ్ళ తూకం అక్కడే నేల మీద పడుతుంది, అదీ నిజం చెప్పి నేను పడగొట్టినట్టు ఉంటుంది, నాకు శిక్ష కూడా లేదు.

అప్ప నాకేసి చూడలేదు. చూసి ఉంటే అనేసేదాన్నేమో. కళ్ళు మూసుకుని నిలబడింది, దెబ్బ పడేదాకా ఆగినట్టు.

నానిపోయిన ఆ వీపు నా కళ్ళముందు ఉంది. సంతకం పెట్టాను.

ముసురు 152వ రోజు

పొద్దున్నుంచి సామాను దించుతున్నాం. వరసనుంచి షెడ్డుకి రెండు వందల పన్నెండు మెట్లు, అన్నీ పాచి పట్టినవే. సన్నిబాబు డ్రమ్ము, మంచం తీగ మీద దించాడు. అతను నాతో మాట్లాడి నాలుగు రోజులైంది. అయినా నా ట్రంకు పెట్టె ముందు దించాడు, తనది తరవాత.

నేను గిన్నెల మూట ఎత్తబోతుంటే అప్ప వచ్చింది. అడగలేదు. మూట నెత్తిన పెట్టుకుని మెట్లు దిగిపోయింది. మళ్ళీ ఎక్కి వచ్చింది. పరుపు తీసుకుంది. మళ్ళీ వచ్చింది. వరసలో అందరూ గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. ఆవిడ మోకాళ్ళు పట్టేస్తాయని, వద్దు అని నేను అనాల్సింది. అనలేదు. మొయ్యనీ అనుకున్నాను. వానలో తడిసి చీర కాళ్ళకి చుట్టుకుంటుంటే కూడా అనలేదు.

పైన మధ్య గోడ పడగొడుతున్న చప్పుడు. అప్ప ఇంటికి కొత్త గోడ రేపటికి లేస్తుందట, మా వైపు సున్నం పోసి మూసేస్తారు.

ఆఖరి మూట దించాక అప్ప షెడ్డు అరుగు మీద కూర్చుండిపోయింది. మేం చాప పరిచాం, పొయ్యి పెట్టాం, అన్నం వండాం. కూర్చునే ఉంది. పొద్దు వాలుతోంది.

"ఇంటికెళ్ళవా?" అన్నాను. నాలుగు రోజుల్లో ఆవిడతో నేనన్న మొదటి మాట అది.

"నీకోసం రాని మాట నాకోసం వొచ్చీసింది నూకాలూ," అంది. "ఆ ఇంట్లోకి ఎలగెళ్ళాల?"

నువ్వు చేసింది తప్పు కాదప్పా అని ఓదార్చాలనిపించలేదు. అది తప్పే. నా ఇల్లు పోయింది. నాకు ఇంకా మండుతూనే ఉంది, రేపు కూడా మండుతుంది. కానీ అవతల బావ ఒక్కడే ఉన్నాడు, గంజి వేళ దాటిపోతోంది.

"బావ ఆకలితో ఉంటాడు. లే," అన్నాను.

లేచింది. రెండు వందల పన్నెండు మెట్లూ చెయ్యి పట్టుకుని ఎక్కించాను. కోపం తగ్గి కాదు. మెట్లు జారుతున్నాయి.